ఉప్పెన లెక్కకు త్రిభుజాల మెష్ వాడాలి

సంపాదకులకు,

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్దే తీరం దాటింది. ఇక్కడి ఉప్పెన, ముంపులను కంప్యూటరులో అంచనా వేయడానికి సముద్రాన్ని ఒకే కొలత చదరపు గళ్లుగా విడగొడితే చాలదు. త్రిభుజాల మెష్‌లో (గళ్ల వలలో) నడిసంద్రాన 5 కిలోమీటర్లు, హార్బరు దగ్గర 20 మీటర్ల గడి పెట్టుకోవచ్చు. కానీ టైమ్ స్టెప్‌ను, అంటే లెక్క ఒక్కో అడుగులో ముందుకు జరిగే సమయాన్ని, అతిచిన్న గడే శాసిస్తుంది. 10 మీటర్ల లోతులో ఉప్పెన అల వేగం సెకనుకు సుమారు 10 మీటర్లు. కనుక ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో (ముందు క్షణం విలువలతోనే తర్వాతి క్షణాన్ని లెక్కగట్టే తీరులో) 20 మీటర్ల గడికి స్టెప్ 2 సెకన్లు దాటితే లెక్క కుప్పకూలుతుంది. త్రిభుజాలు మరీ సన్నబడినా, పక్కపక్క గళ్ల సైజు ఒక్కసారిగా మారినా తప్పులు పెరుగుతాయి.

అన్నిటికన్నా ముందు లోతుల డేటా చూడాలి. చార్ట్ డేటమ్‌ను (నౌకా పటాల్లో లోతులు కొలిచే ఆధార మట్టాన్ని) సగటు సముద్రమట్టంతో కలగలిపేస్తే మెష్ ఎంత బాగున్నా ముంపు గీత తప్పే. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ముంపు నివేదికతోపాటు మెష్ ఫైలునూ అడిగి తీసుకోవాలి.

- తీర ఇంజనీర్లు, విశాఖపట్నం