బీపీ చూసే తీరు మారాలి

సంపాదకుడికి,

ఆసుపత్రుల్లో, ఉచిత వైద్య శిబిరాల్లో బీపీ ఎలా చూస్తున్నారో గమనించారా? మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన మనిషి కుర్చీలో సర్దుకోకముందే చేతికి పట్టీ చుట్టేస్తారు. కొందరు చొక్కా మీదే చుడతారు. ఆయన మాట్లాడుతూనే ఉంటాడు, చేతికి ఆసరా ఉండదు. వచ్చిన అంకె చీటీ మీద రాసి తర్వాతి వాళ్లను పిలుస్తారు. కొన్నిచోట్ల ఆ ఒక్క అంకెతోనే మాత్రలు మొదలవుతాయి.

నిజానికి బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చోవాలి. వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి. అరగంట ముందు నుంచీ కాఫీ, సిగరెట్ మానాలి. మూత్రం ఆపుకుని కూర్చున్నా బీపీ పెరుగుతుంది, ఈ సంగతి మాత్రం ఎవరూ అడగరు. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. అత్యవసరమైతే తప్ప, వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా అంతకు మించి ఉంటేనే అధిక రక్తపోటని తేల్చడం చాలా దేశాల్లో పద్ధతి.

డాక్టర్ ఎదుట టెన్షన్‌తో బీపీ పెరిగేవాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడ మామూలుగా ఉండి ఇంట్లో పెరిగేవాళ్లూ ఉన్నారు. నా భయం ఈ రెండో రకం గురించే, ఎందుకంటే వాళ్లను ఎవరూ అనుమానించరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన లెక్క ప్రకారం 30-79 ఏళ్లవారిలో 128 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉంది. అందులో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదు. తెలిసేదెలా? 'తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, నాకు బీపీ ఏమిటి' అంటూ ఏళ్లు గడిపేస్తారు. ఈలోగా గుండె గోడ మందమవుతుంది, కిడ్నీల్లో వడపోత దెబ్బతింటుంది, కంటి రెటీనాలో సన్నని నాళాలు పాడవుతాయి. కొందరికి మొదటి కబురు పక్షవాతమే.

ఆరోగ్య శాఖను కోరేది పెద్దదేమీ కాదు. బీపీ చూసే ప్రతిచోటా ఆనుడున్న కుర్చీ, బల్ల, రెండు మూడు సైజుల పట్టీలు ఉండాలి. చీటీ మీద రెండుసార్లూ వచ్చిన అంకెలు, చూసిన వేళా రాయాలి. శిబిరాల్లో పనిచేసే వాలంటీర్లకు ఒక పూట శిక్షణ ఇవ్వాలి. వేచి ఉండే గదిలో పై పద్ధతిని బొమ్మలతో గోడకు అంటిస్తే, 'కాసేపు కూర్చున్నాక చూడండి' అని రోగే అడగగలడు.

— ఒక పాఠకురాలు