2024-25 వార్షిక నివేదిక: నెలకో భోజనం, నెలకో సినిమా

సభ్య మిత్రులకు, వారి కుటుంబాలకు నమస్కారం.

మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఒడిశాలోని మన బరంపురం ఖల్లికోట కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం, రిటైరయ్యాక పెళ్ళిళ్ళలోనూ పరామర్శల్లోనూ తప్ప కలవడం లేదని అనిపించి మొదలుపెట్టుకున్నాం. నెలకోసారి బయట కలిసి భోంచేయాలి, నెలకోసారి ఆసియా దేశాల సినిమా గానీ సీరియల్ గానీ కలిసి చూడాలి. ఈ ఏడాది ఆ రెండూ ఎంతవరకు జరిగాయో చెప్పడం నా బాధ్యత.

ముందుగా ఒక మాట. ఈ ఏడాది మనలో ఒకరు దూరమయ్యారు. భోజనాల దగ్గర అందరూ చేతులు కడుక్కున్నా ఆయన ఇంకా పెరుగన్నం కలుపుకుంటూ ఉండేవారు. ఆ తర్వాతి నెల హోటల్లో ఆయన కూర్చునే కుర్చీ పక్కకు లాగి వేరేవాళ్ళకు వెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. వారి కుటుంబానికి కార్యవర్గం తరఫున మరోసారి సానుభూతి తెలుపుతున్నాను.

భోజనాలు

పన్నెండు అనుకుంటే తొమ్మిది జరిగాయి. రెండు వానల వల్ల పోయాయి. మూడోది ఎందుకు పోయిందో తర్వాత చెబుతాను.

రోజు కుదరడమే పెద్ద పని అయింది. గురువారం అంటే ఒడియా ఇళ్ళలో లక్ష్మీదేవి వారం, మన సభ్యుల్లో ముగ్గురి ఇంటి కోడళ్ళు ఒడియా ఆడపిల్లలే. శనివారం అంటే మనవాళ్ళలో సగం మంది వెంకన్న పేరు చెప్పి చేప ముట్టరు. సోమవారం శివుడిది. చివరికి రెండో ఆదివారం ఖాయం చేశాం. ఇక ఈ ఏడాది ఎవరూ రోజు మార్చమని అడగొద్దని మనవి.

కార్తీకంలో మాంసం మాటే ఎత్తలేదు. ఆ నెల పొద్దున్నే టిఫిన్‌కు కలిశాం. ఉప్మా, మీద ఘుగుని, పక్కన వడ. హైదరాబాదులో స్థిరపడి ఆ వారం ఊరికి వచ్చిన మన పాత మిత్రుడు ప్లేటు చూసి, "ముప్పై ఏళ్ళయింది రా, ఉప్మా మీద బఠాణీ కూర పోసుకుని" అన్నాడు. ఇంకో ప్లేటు తెప్పించుకుని, తింటూ తింటూ కళ్ళు తుడుచుకున్నాడు. హైదరాబాదులో ఆ రెండూ ఒకే ప్లేటులో పడవు మరి. వెళ్ళేటప్పుడు అప్పడాలు, ఊరగాయలు కట్టించుకున్నాడు, జీవిత సభ్యత్వం కూడా కట్టాడు.

మన భోజనాల దగ్గర మాట తెలుగులో మొదలవుతుంది, ఆర్డరు ఒడియాలో వెళుతుంది, బిల్లు దగ్గర మళ్ళీ తెలుగులో గొడవపడతాం. వడ్డించే కుర్రాళ్ళు కూడా ఇప్పుడు మనకు అలవాటైపోయారు. షుగరున్న వాళ్ళెవరో, ఉప్పు తగ్గించాల్సిన వాళ్ళెవరో వాళ్ళకే ఎక్కువ తెలుసు.

సీరియళ్ళు

"మనకెందుకు ఈ కొరియా గోల" అన్న సభ్యులు పోయినేడు చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఒక్కటే చెప్పాను. 2019లో మీరు ఇంటిల్లిపాదీ నవ్వుకుంటూ చూసిన 'ఓ బేబీ' 2014 నాటి కొరియా సినిమా 'మిస్ గ్రానీ' కథే. నందినీ రెడ్డి గారు మన ఇంటికి తగ్గట్టు తీశారు కాబట్టి మనకు పరాయిదనిపించలేదు. ఆ మాటతో కొందరు మెత్తబడ్డారు.

మహిళా సభ్యులు ఈ ఏడాది 'రిప్లై 1988' ఇరవై భాగాలూ పూర్తి చేశారు. ఇది కొరియాలో 2015లో మొదలై 2016లో ముగిసిన సీరియల్. సియోల్‌లో ఒక సందు, ఆ సందులో ఐదు కుటుంబాలు, అంతే కథ. మొదటి భాగంలోనే రాత్రి భోజనాల వేళ ఒక్కో ఇంటి పిల్లలు గిన్నె పట్టుకుని పక్కింటికి పరుగెడతారు. ఆ ఇంటివాళ్ళు ఇంకో గిన్నె ఇచ్చి పంపిస్తారు. చివరికి ప్రతి ఇంట్లోనూ అందరి వంటా చేరుతుంది. అది చూసి కోర్టుపేటలో పెరిగిన మన వదినగారు ఒకరు టీవీ ఆపించారు. పులుసు గిన్నె పక్కింటి నుంచి వస్తే ఖాళీగా తిరిగి పంపకూడదని, ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసి పంపేదని వాళ్ళమ్మ గురించి అరగంట చెప్పారు. ఆ రోజు మిగతా భాగం చూడనేలేదు. ఆ సందులో ఆడవాళ్ళు ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు, పిల్లల పేరు చెప్పి వాళ్ళమ్మా అని పిలుస్తారు. మన వీధిలోనూ అంతే కదా. భోంచేశారా అని అడగడమే అక్కడా పలకరింపు.

ఈ గుంపు నడిపించిన సహాయ కార్యదర్శి గారికి ప్రత్యేక ధన్యవాదాలు. ప్రతి బుధవారం మధ్యాహ్నం తన ఇల్లు ఖాళీ చేసి ఇచ్చారు, టీలు పెట్టారు, ఒక్కసారి కూడా ఖర్చు అడగలేదు.

మాస్టారి సాయంత్రం

ఈ ఏడాది మన సంఘం చేసిన పనుల్లో నేను గర్వంగా చెప్పుకునేది మాస్టారితో సినిమా చూసిన సాయంత్రం. రానివాళ్ళ కోసం కాస్త వివరంగా రాస్తున్నాను.

జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు ఆఖరి సినిమా 1962లో వచ్చింది. ఇంగ్లీషులో 'యాన్ ఆటమ్ ఆఫ్టర్‌నూన్' అంటారు. జపాన్ పేరు 'సన్మా నో అజి', అంటే సన్మా చేప రుచి. అయితే సినిమా మొత్తంలో ఆ చేప ఎక్కడా కనబడదు. శరదృతువులో దొరికే చేప అది. ఆ తర్వాతి ఏడాది డిసెంబరు 12న, సరిగ్గా తన అరవయ్యో పుట్టినరోజున, ఓజు చనిపోయారు.

ఆ కథ మన కోసం తీసినట్టే ఉంటుంది. చిన్నప్పుడు కలిసి చదువుకున్నవాళ్ళు పెద్దయ్యాక కూడా హోటల్లో కలుస్తుంటారు. ఒకసారి తమ పాత మాస్టారిని భోజనానికి పిలుస్తారు. చిన్నప్పుడు ఆయనకు వాళ్ళు పెట్టిన పేరు సొరకాయ. మాస్టారు ఒక చేప ముక్క నోట్లో పెట్టుకుని ఇదేమిటని అడుగుతాడు. పేరు చెప్పగానే, ఓహో, చేప గుర్తు పక్కన సమృద్ధి గుర్తు రాస్తారే ఆ అక్షరమా అంటాడు. తర్వాత తెలుస్తుంది, ఆయన ఇప్పుడు చిన్న నూడిల్స్ కొట్టు నడుపుకుంటున్నాడని, కూతురు పెళ్ళి కాకుండా ఆయనతోనే ఉండిపోయిందని.

ఈ సినిమా వేస్తూ మనకు హైస్కూల్లో తెలుగు చెప్పిన మాస్టారిని పిలవకపోతే ఎలా? ఎనభై ఏడేళ్ళాయన. ఆటోలో ఇద్దరం చెరో పక్క కూర్చుని తీసుకొచ్చాం.

డిస్కు టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మన సభ్యుడి కొడుకు పంపించాడు. కింద పడే అక్షరాలు ఇంగ్లీషులోనే ఉన్నాయి. పెద్దవాళ్ళలో చాలామంది అంత వేగంగా చదవలేరు. తెలుగులో రాసి కాగితాలు పంచుదామంటే మన మనవలు, మనవరాళ్ళు ఒడియా, ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు గానీ చదవలేరు. ఏం చెయ్యాలా అని టెన్షన్ పడుతుంటే రైల్వేలో పనిచేసి రిటైరైన మన మిత్రుడు, కుర్రతనంలో నాటకాల్లో వేషాలు కట్టినవాడు, "తెర పక్కన నిలబడి నేను చెబుతాను" అన్నాడు. ఇది కొత్త పద్ధతేమీ కాదు. మూకీ సినిమాల రోజుల్లో జపాన్‌లో బెన్షీలని ఉండేవారు, తెర పక్కనుంచి అన్ని పాత్రలకూ గొంతిచ్చి కథ చెప్పేవారు. దర్శకుడు అకిరా కురొసావా అన్నగారు ఆ పనే చేసేవారు.

మన మిత్రుడు కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని సినిమా మూడుసార్లు చూశాడు. వంద పేజీల నోటుబుక్కు సగం నింపాడు. మొదట్లో నాటకం అలవాటు కొద్దీ గ్రాంథికంలో రాశాడు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పక్కనున్న పర్లాకిమిడిలోనే కదా పోరాడారు, మనం మళ్ళీ గ్రాంథికంలోకి పోవడం ఏమిటని కార్యవర్గం పట్టుబడితే తిరగరాశాడు.

ఆ సాయంత్రం ఎలా జరిగిందో చెప్పాలంటే నాకు మాటలు చాలవు. ఓజు సినిమాలో కెమెరా నేల మీద కూర్చున్న మనిషి కళ్ళ ఎత్తులో ఉంటుంది. బంతి భోజనంలో పక్కవాడి విస్తరి చూస్తున్నట్టు ఉంటుంది. పిల్లలు చాపల మీద కూర్చున్నారు, వాళ్ళకే అది బాగా కనబడింది. సొరకాయ అనే మాట మిత్రుడి నోటి నుంచి రాగానే అందరం మాస్టారి వైపు చూశాం. ఆయన కర్ర మీద గడ్డం ఆనించి, "నాకు తెలుసురా. నన్ను గుణింతం అనేవారు" అన్నారు. యాభై ఏళ్ళుగా ఆయనకు తెలియదనే అనుకుంటున్నాం. చేప అక్షరం ఘట్టం రాగానే పక్కనే ఉన్న నా చెయ్యి నొక్కి, "వాడు అక్షరం చెప్పాడు చూశావా" అన్నారు.

చివర్లో కూతురికి పెళ్ళి చేసి పంపిన తండ్రి అదే సూటులో బార్‌కు వెళతాడు. అంత్యక్రియల నుంచి వస్తున్నారా అని అక్కడి ఆవిడ అడిగితే, అలాంటిదే అంటాడు. మన మిత్రుడు ఆ మాట చెప్పలేకపోయాడు. ఫిబ్రవరిలోనే ఆయన రెండో అమ్మాయి పెళ్ళయింది. గొంతు పట్టేసింది. ముందు వరుసలోంచి ఆయన భార్య ఆ మాట చెప్పారు.

ఆ తర్వాత అందరం నడిచి హోటల్‌కు వెళ్ళాం. గోపాల్‌పూర్ నుంచి ఆ పొద్దున తెప్పించిన చందువా చేపల పులుసు చేయించాం. మాస్టారికి ముళ్ళు తీసి పెడదామంటే ఒప్పుకోలేదు. చూపుడు వేలితో ఒక్కో ముల్లూ వెతికి, తీసి, ఆకు అంచున వరసగా పేర్చారు. అందరం చేతులు ఎండిపోయేదాకా కూర్చున్నాం, ఎవరికీ లేవాలనిపించలేదు.

పడ్డ ఇబ్బందులు

ఆ సాయంత్రం అసలు హాల్లో జరగాల్సింది. హాలు కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. మొదటిసారి దరఖాస్తు ఇంగ్లీషులో తెమ్మన్నారు, రెండోసారి ఒడియాలో తెమ్మన్నారు, మూడోసారి సారు టూర్‌లో ఉన్నారు, నాలుగోసారి మొదటి దరఖాస్తు కనబడలేదు. టికెట్టు లేని, మైకు రోడ్డుకు వినపడని, అరవై ఏళ్ళు దాటినవాళ్ళు కూర్చుని సినిమా చూసే కార్యక్రమానికి ఇంత తిప్పడం నాకు బాధగానే ఉంది. చివరికి గేట్‌బజార్ సభ్యుడు తన మేడ ఇచ్చారు. రెండు దుప్పట్లు కలిపి కుట్టి తెర కట్టాం.

ఇంకో బాధ మనవాళ్ళ గురించే. వాలంటీర్లుగా పేరిచ్చినవాళ్ళు తొమ్మిది మంది. ఆ రోజు కుర్చీలు మేడ మీదికి మోసింది ఇద్దరు, వాళ్ళలో ఒకరికి మోకాలి నొప్పి. మిగతావాళ్ళు సినిమా మొదలయ్యాక వచ్చారు, ఇద్దరైతే నేరుగా భోజనానికే వచ్చారు. వచ్చినందుకు సంతోషమే, కానీ పేరిచ్చి రాకపోతే పక్కవాడి నడుం విరుగుతుంది.

మూడో భోజనం ఎందుకు పోయిందంటారా? జనవరిలో వాట్సాప్‌లో ముప్పై మంది వస్తామని బొటనవేలు గుర్తు పెట్టారు. హోటల్‌కు వచ్చింది పదమూడు మంది. మిగతా ప్లేట్ల డబ్బు సంఘమే కట్టింది. ఆ దెబ్బతో ఫిబ్రవరి భోజనం రద్దు చేయక తప్పలేదు. ఇక నుంచి ముందు డబ్బు కట్టినవాళ్ళకే ఆకు వేయిస్తాం.

జమాఖర్చులు

లెక్కలు కోశాధికారి గారు చదువుతారు, ఆడిట్ అయింది, రసీదులు ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు. ఖర్చులో ఎక్కువ భాగం ఆ జనవరి ప్లేట్లు, మాస్టారి సాయంత్రం. చందా బాకీ ఉన్నవారు ఈ రోజే తీర్చేస్తే నాకు ఫోన్లు చేసే శ్రమ తప్పుతుంది.

కృతజ్ఞతలు

మేడ ఇచ్చిన సభ్యుడికి, ఆ రోజు మెట్ల మీద చెప్పులు సర్దిన వారి కోడలికి, ప్రొజెక్టర్ ఇచ్చి రాత్రి పదకొండు దాకా కేబుళ్ళు చుట్టిన కుర్రాడికి, టోక్యో నుంచి డిస్కు పంపిన బాబుకు, తెర కుట్టిన దర్జీ గారికి, మాస్టారిని ఇంటికి చేర్చి డబ్బు తీసుకోని ఆటో సోదరుడికి, పులుసులో కారం మనం చెప్పినట్టు వేసిన వంటాయనకు, కార్యవర్గ సభ్యులకు, వాళ్ళను సాయంత్రాలు మాకు వదిలిన ఇంటివాళ్ళకు పేరుపేరునా ధన్యవాదాలు. తెర పక్కన నిలబడిన మన మిత్రుడికి శాలువా కప్పాలని కార్యవర్గం తీర్మానించింది, ఈ రోజు మాస్టారి చేతుల మీదుగానే.

వచ్చే ఏడాది

ఆంగ్ లీ 1994లో తైవాన్‌లో తీసిన 'ఈట్ డ్రింక్ మ్యాన్ ఉమన్' వేద్దామనుకుంటున్నాం. ముగ్గురు కూతుళ్ళున్న పెద్ద వంటవాడి కథ, ప్రతి ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని తినే భోజనం కథ. ఆయనకు నాలుక మీద రుచి తెలియడం మానేస్తుంది. అది ఖాళీ కడుపుతో చూడకూడదు కాబట్టి ఈసారి ముందు భోజనం, తర్వాత సినిమా. తెలుగులో చెప్పడానికి ఇంకో గొంతు కావాలి, కూతుళ్ళ పాత్రలకు ఆడవాళ్ళు ముందుకొస్తే మంచిది. నోటుబుక్కు సంఘం కొనిస్తుంది.

మాస్టారు ఒక్కటే అడిగారు. రంభ వెళ్ళి చిలికా ఒడ్డున రొయ్యలు తినాలని ఉందట, ఎండలు ముదరకముందే. మన దగ్గర ఇప్పటికి రెండు కార్లు తేలాయి, ఆయనకు ముందు సీటు. ఎవరి బండిలో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో సమావేశం ముగిసేలోగా నాకు చెప్పండి, కాగితం పట్టుకుని గుమ్మం దగ్గరే ఉంటాను.

ఇట్లు,
కార్యదర్శి
బరంపురం