నోటీసులు డ్రైవర్లకేనా?

సంపాదకుడు గారికి,

సిటీ బస్సుల ఆలస్యం గురించి పోయిన వారం మీరు వేసిన వార్త చదివిన దగ్గర్నుంచీ ఒళ్లు మండుతూనే ఉంది. కారణం డ్రైవర్ల అలసత్వమట, ఇక షోకాజ్ నోటీసులట! ఆ మాటన్న అధికారి బస్సెక్కి ఎన్నేళ్లయిందో మీ విలేకరి అడగాల్సింది.

బస్సుకి టైం పోయేది పరుగులో కాదు, ఆగడంలో. బస్‌బేలో ఆటోలూ కార్లూ తిష్ఠ వేసుంటాయి కాబట్టి బస్సు నడిరోడ్డు మీదే వంకరగా ఆగుతుంది. ఎడమపక్క సందులోంచి దూసుకొచ్చే బైకుల మధ్య ముసలీముతకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగాలి. కండక్టర్ ‘రైట్ రైట్’ అన్నాక డ్రైవర్ కుడి ఇండికేటర్ వేస్తాడు. ఆగేవాడెవడు? పన్నెండు మీటర్ల బండి మూతి కాస్త బయటికి పెట్టేలోపే సిగ్నల్ ఎర్రబడుతుంది. జర్మనీలో స్టాపు నుంచి కదిలే బస్సుకు దారివ్వాలని ట్రాఫిక్ నిబంధనల్లోనే రాసుకున్నారు. మన దగ్గర హారన్ మోతే సమాధానం.

అక్కడితో అయిపోదు. కాస్త వెనకబడ్డ బస్సుకు తర్వాతి స్టాపులో జనం పెరుగుతారు, వాళ్లు ఎక్కేసరికి అది మరింత వెనకబడుతుంది. వెనకొచ్చేదానికి ఎక్కేవాళ్లే మిగలరు, చకచకా వచ్చి దీన్ని అందుకుంటుంది. అందుకే ఎంతసేపటికీ రాని బస్సులు వస్తే మూడూ ఒక్కసారే వస్తాయి. ఇందులో ఏ డ్రైవర్‌కిస్తారు నోటీసు?

బ్రెజిల్‌లోని కురిటీబాలో 1974లోనే బస్సులకు వేరే దారి వేశారు. అంతదూరం ఎందుకు, అహ్మదాబాద్‌లో 2009 నుంచి ఉంది. ఢిల్లీలోనూ 2008లో వేశారు. దాని డిజైన్‌లో లోపాలు లేవనను. కానీ కార్లవాళ్లు గగ్గోలు పెడితే సరిదిద్దడం మానేసి, 2016లో మొత్తం పీకేయడం మొదలుపెట్టారు. యాభై మంది ఎక్కిన బండికీ ఒక్కడు కూర్చున్న కారుకీ రోడ్డు మీద ఒకటే హక్కు, ఇదీ మన సమానత్వం! ఫ్లైఓవర్లకైతే డబ్బుకి లోటుండదు. స్టాపులేమో కింద, కాబట్టి బస్సు ఎప్పట్లాగే ఆ స్తంభాల మధ్య ఈదుకుంటూ పోవాలి. బస్ షెల్టర్లు కట్టినా ప్రకటనల బోర్డులే అడ్డం, వచ్చేది ఏ బస్సో కనపడి చావదు.

కొత్త కమిటీలేం వద్దు. రద్దీ వేళల్లో ఒక వరస బస్సులకి వదలమనండి. బస్‌బేలు ఖాళీ చేయించి, అక్కడ నిలిపిన కార్లకు చలానాలు రాయమనండి. వాటిలో ఒకదాని అద్దం మీద ‘ప్రభుత్వ వాహనం’ అని కనిపిస్తే, షోకాజ్ నోటీసు ముందు అక్కడ అంటించమనండి.

— ఓ నిత్య ప్రయాణికుడు