పట్టాలు తీసేసిన దారి గురించి, శీనుకి

ఒరేయ్ శీనూ,

ఫోన్లో ఒక్క ప్రశ్న వేసి పెట్టేశావు. "పట్టాలు పీకేసిన లైను మీద సైకిల్ తొక్కడానికి అంత దూరం పోవడమెందుకురా, అక్కడ చూడ్డానికి ఏముంటుంది?" అని. రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన నువ్వే ఆ మాట అనేసరికి ఉండబట్టలేక ఇది మొదలుపెట్టాను. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెబితే దీని సంగతి తేలదు. తీరిగ్గా చదువు.

దీని పేరు గ్రేట్ అలెగెనీ పాసేజ్. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని కంబర్లాండ్ అనే ఊళ్ళో మొదలై కొండలు దాటి, నదుల పక్కనే వచ్చి వచ్చి మా పిట్స్‌బర్గ్‌లో రెండు నదులు కలిసి ఒహాయో నదిగా మారే చోట ఆగుతుంది. మొత్తం 150 మైళ్ళు, అంటే 240 కిలోమీటర్లు. రాజమండ్రిలో బయల్దేరితే విశాఖ దాటిపోతాం, అంత దూరం. కార్లు, మోటారు సైకిళ్ళు రానివ్వరు. చాలా మేరకు సున్నపురాతి పొడి పరిచి గట్టిగా తొక్కిన నేల, వాన పడినా పెద్దగా బురదవ్వదు.

మీ నాన్నగారు పీడబ్ల్యూఐగా, అంటే పట్టాల బాగోగులు చూసే ఇన్‌స్పెక్టర్‌గా చేసిన రోజుల్లో మనల్ని లైను పక్కన నడిపిస్తూ, ఎక్కుడు ఎంతో రాసి ఉండే గ్రేడియంట్ పోస్టులు చూపించేవారు గుర్తుందా? ఈ దారి గొప్పతనమంతా అందులోనే ఉందిరా. ఇందులో కొండలు దాటే భాగం, వెస్టర్న్ మేరీలాండ్ రైల్వే వాళ్ళు 1912లో కంబర్లాండ్ నుంచి పెన్సిల్వేనియాలోని కానల్స్‌విల్ దాకా తెరిచిన లైను. బొగ్గు నింపిన బండ్లు పడమర నుంచి తూర్పుకి పోవాలి కాబట్టి, బరువు లాగాల్సిన ఆ వైపు ఎక్కుడుని 0.8 శాతానికి మించనివ్వలేదు. మీ నాన్నగారి భాషలో చెప్పాలంటే 125కి ఒకటి, అంటే 125 అడుగులు పోతే ఒక్క అడుగు ఎత్తు. ఖాళీ బండ్లు ఎక్కే కంబర్లాండ్ వైపు మాత్రం 1.75 శాతం దాకా పెట్టారు. ఎక్కుడు అంత పలచన ఉండాలని కొండ ఉన్నచోట తొలిచారు, లోయ ఉన్నచోట వంతెన కట్టారు, మలుపుల్ని సాగదీశారు. ఆవిరి ఇంజన్ కోసం పడ్డ ఆ పాట్లన్నీ ఇవాళ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి పనికొస్తున్నాయి. డెబ్బై దాటిన దంపతులు సంచులు కట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ ఒక పర్వతశ్రేణిని దాటేస్తున్నారు. అదే కొండని రోడ్డు మీద సైకిల్‌తో ఎక్కమంటే నేనూ ఎక్కలేను, నువ్వూ ఎక్కలేవు.

మరి ఇంత మంచి లైను ఎందుకు మూసేశారంటావు. అదే లోయలో బాల్టిమోర్ అండ్ ఒహాయో వాళ్ళ పాత లైను ముందునుంచీ ఉంది. 1973లో రెండు కంపెనీలూ చెస్సీ సిస్టమ్ కిందికి వచ్చాక ఒకే యజమానికి పక్కపక్కన రెండు లైన్లు దండగ అనిపించింది. 1975లో ఇది మూతపడింది. పాత లైను మాత్రం ఇంకా నడుస్తోంది. అందుకే సాలిస్‌బరీ వయాడక్ట్ అనే పొడుగాటి లోయ వంతెన మీద నిలబడితే నీలాంటివాడికి కడుపు నిండిపోతుంది. 1,908 అడుగుల పొడవు, నూరడుగుల ఎత్తు, కింద కాసెల్‌మన్ నది, హైవే, వాటితోపాటు ఆ బతికున్న రైలు లైను. నేను పైన ఉండగా కింద గూడ్సు ఒకటి వచ్చింది. వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి లోయ మలుపులోంచి వస్తూనే ఉన్నాయి, లెక్కపెడదామని మొదలుపెట్టి మధ్యలో తప్పాను. సైకిళ్ళు ఆపి చూస్తున్నవాళ్ళం అందరం డ్రైవర్‌కి చేతులూపితే హారన్ కొట్టాడు. పెద్దవాళ్ళు కూడా చిన్నపిల్లల్లా కేకలు పెట్టారు.

ఇక బిగ్ సావేజ్ టన్నెల్. 3,294 అడుగులు, ఇంచుమించు కిలోమీటరు. బయట చెమట పట్టే ఎండ, మూతి దగ్గరికి రాగానే లోపల్నుంచి చల్లగాలి మొహానికి కొడుతుంది. దీపాలున్నాయి కానీ రెండు దీపాల మధ్య కాస్త చీకటి, గోడల మీద తడి మెరుపు, ఎక్కడో ఒకచోట టప్‌టప్‌మని చుక్కలు. ఎదురుగా వచ్చే సైకిల్ బెల్లు ఎంత దూరంలో ఉందో చెవికి అంతుపట్టదు. అవతలి మూతి మొదట తెల్లటి చుక్కలా కనబడి, చాలాసేపు పెరగనే పెరగదు. కంబర్లాండ్ వైపు బయటపడితే ఒక్కసారిగా కొండల వరసలన్నీ ఎదురుగా పరుచుకుని ఉంటాయి. ఇంకాస్త దిగితే మేసన్ డిక్సన్ రేఖ, అంటే పెన్సిల్వేనియాకీ మేరీలాండ్‌కీ సరిహద్దు. టన్నెల్‌కి పిట్స్‌బర్గ్ వైపు, ఎక్కువ దూరం కాదు, 2,392 అడుగుల ఎత్తులో దారి మొత్తానికీ శిఖరం. అక్కడ పడ్డ వాన తూర్పుకి జారితే అట్లాంటిక్‌కి, పడమరకి జారితే ఒహాయో, మిసిసిపీల మీదుగా గల్ఫ్ ఆఫ్ మెక్సికోకి. అంత పెద్ద విషయం జరిగే చోటు ఒక చిన్న అండర్‌పాస్, గోడల మీద బొమ్మలు, అంతే.

అన్నీ అందాలే అని చెప్పను. పిట్స్‌బర్గ్‌కి దగ్గరపడుతున్నకొద్దీ యాకగేనీ నది పక్కన కొన్నిచోట్ల రాళ్ళు తుప్పు రంగులో ఉంటాయి. వదిలేసిన బొగ్గు గనుల్లోంచి ఇనుము కలిసిన నీళ్ళు ఇప్పటికీ కారుతున్నాయి. కానల్స్‌విల్ చుట్టుపక్కల బొగ్గుని కాల్చి, కొలిముల్లో వాడే కోక్‌గా మార్చి ఈ ఊళ్ళ ఉక్కు ఫ్యాక్టరీలకి పంపారు. దారి చివర్లో మొనొంగహేలా నది మీద హాట్ మెటల్ బ్రిడ్జి అని ఒకటి దాటుతాం. కరిగిన ఇనుముని పెద్ద పాత్రల్లో పోసి, ఈ ఒడ్డు కొలిమి నుంచి ఆ ఒడ్డు మిల్లుకి రైలు బండ్ల మీద పంపిన వంతెన అది. ఇప్పుడు దాని మీద పిల్లల్ని సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తల్లులు పోతున్నారు. అది చూస్తే నాకు నిజంగా గొంతు పట్టేసిందిరా.

ఇదంతా సర్కారు వాళ్ళు ఒక్క దెబ్బతో కట్టిపెట్టింది కాదు. 1986లో ఒహాయోపైల్ దగ్గర, జలపాతం ఉన్న ఊరు, సుమారు పది మైళ్ళ ముక్క తెరిచారు. జనం నడిచారు, తొక్కారు, బాగుందన్నారు, పక్క ఊరివాళ్ళు మాకూ కావాలన్నారు. అలా ముక్కకి ముక్క కలుపుకుంటూ 2013కి పిట్స్‌బర్గ్ చేరింది. లిండా బాక్స్ అనే ఆవిడ సంఘాలన్నిటినీ ఒక తాటి మీదికి తెచ్చి ఏళ్ళ తరబడి దీని వెంట పడ్డారు. రైలు దారి పొడుగునా చెక్కు చెదరకుండా ఉండటమే దాని విలువ. మధ్యలో నాలుగు ఎకరాలు ఎవరికో అమ్మేస్తే మిగతాదంతా ఎందుకూ కొరగాదు. ఇక్కడ 1983లో చట్టమే చేశారు, రైళ్ళు ఆపేసిన లైనుని కావాలంటే తుంచకుండా దాచిపెట్టి, ఈలోపు నడకదారిగా వాడుకోవచ్చని.

మన రాజమండ్రిలో గోదావరి మీది పాత రైలు వంతెన, హేవలాక్ వంతెన సంగతే చూడు. 1900లో మొదలై 1997లో రైళ్ళు ఆగాయి. ఇప్పుడు అఖండ గోదావరి అనే పర్యాటక ప్రాజెక్టులో దాని పేరూ ఉందని చదివి సంబరపడ్డాను. నా మాట ఒక్కటే. లైట్లూ హోటళ్ళూ తర్వాత చూసుకోవచ్చు, ముందు రెయిలింగ్ కట్టి, నేల సరిచేసి, ఒక ముక్కైనా జనాన్ని నడవనివ్వాలి. తెల్లారుజామున గోదావరి మీద ఆ గాలికి నడిచినవాడు కొవ్వూరు దాకా కావాలని తనే అడుగుతాడు. నీకు మున్సిపాలిటీలో తెలిసినవాళ్ళున్నారుగా, ఈ మాట వాళ్ళ చెవిన వెయ్యి.

సరే, నువ్వు రావడం గురించి. అక్టోబర్‌లో రా, ఆకులు రంగు మారే కాలం. చలి ముదిరితే కుదరదు, గోడల్లోకి దిగే నీళ్ళు గడ్డకట్టి పాడుచేయకుండా చలికాలమంతా టన్నెల్ తలుపులు మూసేసి ఏప్రిల్‌కి గానీ తియ్యరు. మా ఊరి పక్కనే పెన్ హిల్స్‌లో ఉన్న వెంకటేశ్వరస్వామి గుడి చూడాలని మీ ఆవిడ ఎప్పట్నుంచో అంటోంది కదా, ముందు దర్శనం చేసుకుని, పులిహోర ప్రసాదం కట్టుకుని ఇక్కడినుంచే బయల్దేరదాం. బొగ్గు బండ్లు ఎక్కిన వైపే మనమూ ఎక్కుదాం, శిఖరం దాటాక కంబర్లాండ్ దాకా 24 మైళ్ళు దిగుడే. తిరుగు ప్రయాణం ఆమ్‌ట్రాక్, అంటే ఇక్కడి ప్యాసింజర్ రైళ్ళు నడిపే కంపెనీ రైల్లో, సైకిళ్ళని కూడా ఎక్కించుకుంటారు, ముందే బుక్ చెయ్యాలి. రాత్రి మకాములకి మైయర్స్‌డేల్‌లో, కాన్‌ఫ్లుయెన్స్‌లో చిన్న చిన్న బసలున్నాయి, అక్టోబర్ శనాదివారాలు ముందే నిండిపోతాయి. కాబట్టి లీవు శాంక్షన్ అవ్వగానే డేట్లు పంపు. మీ ఆవిడకి సైకిల్ తొక్కడం వచ్చో రాదో కూడా రాయి, రాకపోతే ఇద్దరు కలిసి తొక్కేది అద్దెకి దొరుకుతుందేమో ఇప్పుడే కనుక్కుంటాను.

నీ
రవి