టైరులో పుట్టే కరెంటును టైరు కాపలాకే వాడుదాం

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి శ్రీ నితిన్ గడ్కరీ గారికి నమస్కారములు.

తిరిగే టైర్ల నుంచి కరెంటు తీసి విద్యుత్ వాహనాల బ్యాటరీలు నింపవచ్చన్న మాట కొన్నేళ్లుగా వినిపిస్తోంది. ఆ ఆశ మీద ప్రజాధనం పెట్టవద్దనీ, అదే పరిజ్ఞానాన్ని లారీలు, బస్సుల టైర్లలో గాలిని కనిపెట్టి ఉండే సెన్సర్లకు వాడించాలనీ కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

క్వార్ట్జ్ వంటి స్ఫటికాలను నొక్కితే విద్యుదావేశం పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. ఈ పీజోఎలక్ట్రిక్ గుణమున్న పలుచని పట్టీని టైరు లోపల అతికిస్తే, ఆ భాగం రోడ్డుకు ఆనిన ప్రతిసారీ వంగి కొద్దిపాటి కరెంటునిస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే లారీ చక్రం సెకనుకు సుమారు 5 సార్లు తిరుగుతుంది. అయినా అలాంటి పట్టీ నుంచి వచ్చేది మిల్లీవాట్లలోనే ఉంటుంది. బండి నడవడానికి కావలసింది కిలోవాట్లు, అంటే దానికి పది లక్షల రెట్లు. పైగా టైరును వంచే శక్తి కూడా ఆ బండి ఇంజనో మోటారో ఇచ్చినదే.

గాలి సెన్సరుకు మాత్రం ఆ కాస్త చాలు. గాలి తగ్గిన టైరు ఎక్కువగా వంగి, వేడెక్కి, చివరికి పగులుతుంది. లారీ వెనుక జంట టైర్లలో లోపలిదానికి గాలి తగ్గినా పక్క టైరు బరువు మోస్తుంది కనుక కంటికి తెలియదు. డ్రైవర్లు రాడ్డుతో తట్టి, శబ్దాన్ని బట్టి అంచనా వేసుకుంటారు. నడివేసవిలో 44వ నంబరు జాతీయ రహదారి మీద మీ నాగపూర్ నుంచి హైదరాబాద్ మీదుగా బెంగళూరుకు నిండు లోడుతో వెళ్లే మనిషి ప్రాణం ఆ శబ్దం మీద ఆధారపడటం నాకు భరించరానిదిగా ఉంది.

ఇప్పుడు దొరికే చాలా సెన్సర్లలో బ్యాటరీ లోపలే మూసేసి ఉంటుంది. అది అయిపోతే సెన్సరునే మార్చాలి. పద్నాలుగు టైర్ల లారీ యజమానికి అది చిన్న ఖర్చు కాదు. యూరోపియన్ యూనియన్‌లో 2024 జూలై నుంచి కొత్త లారీలు, బస్సులకు కూడా గాలి హెచ్చరిక వ్యవస్థ తప్పనిసరి. మన దగ్గర 2020లో వచ్చిన సవరణ, ఆ వ్యవస్థా పంక్చర్ కిట్టూ ఉన్న కార్లకు స్పేర్ టైరు మినహాయింపునిచ్చింది. అవసరం అంతకన్నా ఎక్కువగా ఉన్నది భారీ వాహనాలకే. బ్యాటరీ అక్కరలేని సెన్సర్లను ముందుగా ఆర్టీసీ బస్సుల మీద, మన ఎండల్లో, మన రోడ్ల మీద పరీక్షించి, ఆ ఫలితాలను బట్టి నిబంధన తేవాలని ప్రార్థిస్తున్నాను.

బాగా కరెంటునిచ్చే పీజెడ్‌టీ అనే పీజోఎలక్ట్రిక్ సిరామిక్‌లో సీసం ఉంటుంది. మన పాత టైర్లు ఎన్నో పైరాలిసిస్ బట్టీలకు, అంటే గాలి తగలకుండా వేడిచేసి నూనె తీసే బట్టీలకు చేరతాయి కాబట్టి, ఆ సీసం అక్కడికి వెళ్లకుండా తుక్కుకు పంపేముందు ఊడదీయగలిగే సెన్సర్లనే అనుమతించాలని ఆ నిబంధనలోనే రాయించండి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక మెటీరియల్స్ ఇంజినీరు