కౌశికను ఆగస్టులో కూడా చూపించండి

సంపాదకుల వారికి,

కనుమ నాడు మా కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి గంగలకుర్రు ప్రభలు, అంటే దేవుణ్ణి ఊరేగించే ఎత్తయిన వెదురు కట్టడాలు, ఎగువ కౌశిక అనే మురుగు కాలువ దాటుతుంటే టీవీలన్నీ అక్కడే ఉంటాయి. 2023 రిపబ్లిక్ డే కవాతులో మన రాష్ట్ర శకటం కూడా ప్రభల తీర్థమే. పచ్చటి చేలోంచి ప్రభ మోసుకెళ్తే, తొక్కేసిన వరిని చూసి కూడా ఆ రైతు పల్లెత్తు మాట అనడు. తన చేలోంచి వెళ్లడమే అదృష్టమనుకుంటాడు. సంతోషం. కానీ వానాకాలంలో అదే కౌశిక ఎలా ఉంటుందో ఎవరూ చూపించరు.

కోనసీమ వాళ్లంటే కొబ్బరినీడన కూర్చుని కబుర్లు చెప్పుకొనే జనమని రాసేస్తుంటారు. కబుర్ల మాట నిజమే లెండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద నీళ్లొచ్చాయి. కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం. అయితే ఇక్కడ నీళ్లు రావడం ఒక ఎత్తు, పోవడం ఇంకో ఎత్తు. నేల వాలు తక్కువ. సముద్రం పోటు మీదుంటే మురుగు కదలదు. కాలువలు సముద్రంలో కలిసే మొగల దగ్గర ఇసుక మేటలు, కాలువ నిండా గుర్రపుడెక్క. వరసగా నాలుగు రోజులు వాన కురిస్తే ఊడ్చిన చేను కనపడదు. గట్టు ఎక్కడుందో కాలితో తడుముకుంటూ వెళ్లి, కుళ్లిన నారు వాసన చూసి వెనక్కి రావడమే. స్వర్ణ రకం కాస్త ముంపు ఓర్చుకుంటుందని నమ్ముకున్నాం గానీ దానికీ ఒక హద్దుంటుంది కదా. రెండోసారి నారు కొనేది కౌలు రైతు. పంట పోయినా కౌలు బస్తాలు మాత్రం కొలవాల్సిందే.

2011లో కోనసీమ రైతులు సార్వా, అంటే వానాకాలం వరి, మానేసి పంట విరామం ప్రకటిస్తే దేశమంతా వింతగా చూసింది. ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ వచ్చింది. గిట్టుబాటు ధర, కూలి ఖర్చులతో పాటు ఈ ముంపు గురించి కూడా రైతులు అప్పుడే మొత్తుకున్నారు. బద్ధకంతో చేలు బీడు పెట్టిన వాళ్లు కారు.

మురుగు కాలువల కోసమే 1968లో పన్ను చట్టం తెచ్చారు. మరి పూడిక పనులు జూన్‌లో నీళ్లు వదిలాక మొదలుపెట్టడమేమిటి? పొక్లెయిన్ దిగేసరికి కాలువ నిండిపోయి ఉంటుంది. ఎంత లోతు తీశారో ఎవరికి తెలుస్తుంది? కాలువలకు నీళ్లు కట్టేసిన ఎండాకాలంలోనే పని పూర్తి చేయాలి. ఏ డ్రెయిన్‌లో ఎన్ని కిలోమీటర్లు, ఎంత బిల్లు అన్నది పంచాయతీ బోర్డు మీద రాయాలి. తీసిన గుర్రపుడెక్కను గట్టు మీద వదిలేయకుండా దూరంగా తోలించాలి. లేకపోతే మొదటి వానకే మళ్లీ కాలువలోకి జారుతుంది.

— ఒక కౌలు రైతు, అంబాజీపేట మండలం