కాప్ స్టాండ్ జెండాలు దించేస్తున్న వేళ: లివర్‌పూల్ క్లబ్ యజమానికి బహిరంగ లేఖ

20 ఏప్రిల్ 2021

లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ ప్రధాన యజమాని జాన్ హెన్రీ గారికి,

1892లో పుట్టిన మన క్లబ్ మరో 11 క్లబ్బులతో కలిసి యూరోపియన్ సూపర్ లీగ్ అనే కొత్త పోటీలో చేరుతున్నదని మొన్న ఆదివారం రాత్రి ప్రకటించారు. అభిమానులను మాట మాత్రమైనా అడగలేదు, కోచ్ క్లాప్ గారికీ అందులో ప్రమేయం లేదట. వ్యవస్థాపక జట్లు ఎంత పేలవంగా ఆడినా వాటి స్థానం పదిలమంటున్నారు. అలాగైతే 2016లో లెస్టర్ సిటీ లాంటి చిన్న క్లబ్ ఇంగ్లండ్ లీగ్ టైటిల్ గెలిచి, యూరప్ మేటి క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్‌కు వెళ్లడానికి అర్థమేమిటి?

నిన్న మనతో మ్యాచ్‌కు ముందు, తమ మైదానం ఎల్లాండ్ రోడ్‌లో లీడ్స్ ఆటగాళ్లు 'అర్హత సంపాదించుకోండి' అన్న చొక్కాలు తొడుక్కుని వార్మప్ చేస్తుంటే, ప్రత్యర్థులే అయినా, మాకు కోపం రాలేదు, సిగ్గేసింది.

కరోనా వల్ల ఖాళీగా ఉన్న మన స్టేడియంలోని అభిమానుల గ్యాలరీ కాప్ స్టాండ్‌లో ఇన్నాళ్లూ మా బదులు నిలిచిన జెండాలను అభిమాన సంఘాలు దించేస్తున్నాయి. మీరు ఆ లీగ్ నుంచి వైదొలగినట్లు రాతపూర్వకంగా ప్రకటించాలని కోరుతున్నాను.

ఇట్లు,
మెర్సీసైడ్‌లో ఉంటున్న ఒక తెలుగు అభిమాని